పొద్దుతిరుగుడుకు ముసుగు

ఆ రోజు పొద్దు పొడిచిందన్న సంగతి కోళ్లు కూస్తేనే తెలిసింది. సాగర్ కాలువ మీద నుంచి లేచిన మంచు వరిమళ్లను దాటుకుని వచ్చి త్రిపురారం ఇళ్ల మీద కూర్చుంది. ఆకాశానికీ నేలకూ మధ్య గీత లేదు. ఎదురింటి రేకులు లేవు, కరెంటు స్తంభం లేదు, బాట లేదు. అంతా ఒకటే తెలుపు.

కొండల్ గొంగడి భుజాన వేసుకుని, కుడి మోకాలు చేత్తో అదుముకుంటూ గొర్రెల దొడ్డి వెనక్కి వెళ్లాడు. మోకాలు పట్టేసినప్పటి నుంచి మందను తమ్ముడు తోలుతున్నాడు. ఇంటి దగ్గర కొండల్‌కు మిగిలింది ఒకటే పని. ఆ పని ముందు నిలబడి తలెత్తాడు. ముంజేతంత లావు కాండం కనిపించింది. చాటల్లాంటి ఆకులు కనిపించాయి. ఆ పైన చెట్టు మంచులో కలిసిపోయింది. తల లేదు.

"రుక్కీ! ఓ రుక్కీ! పువ్వు కనవడ్తలేదే!"

వాకిట్లో సానుపు చల్లుతున్న రుక్కమ్మ తలెత్తకుండానే అంది. "నాకు నువ్వే కనవడ్తలేవు. పువ్వేడికి పోతది? కాళ్లున్నయా దానికి?"

కొండల్ కదల్లేదు. కాసేపటికి మంచులో ఒక గుండ్రటి తెలుపు విడిగా తేలింది. అది తను కట్టిన గుడ్డే. రుక్కమ్మ పాత వాయిల్ చీర చింపి, పువ్వు మొహం నిండా కప్పి, మెడ దగ్గర ఉన్ని తాడుతో ముడి వేశాడు. "ఉన్నదున్నది!" అని చప్పట్లు కొట్టాడు.

యాభై ఏళ్ల మనిషి. ఏడాదికోసారి మందను ఊరివాళ్ల పొలాల్లో కట్టేవాడు. గొర్రెల పెంటకు వాళ్ల వరి నల్లగా కమ్ముకుంటుంటే గట్టు మీద నిలబడి చూసేవాడు. తన చేత్తో గింజ నాటింది మాత్రం ఇదే మొదలు. డిసెంబరులో బడి పంతులు హీరాలాల్ సార్ ఎక్కడి నుంచో రాకాసి పొద్దుతిరుగుడు గింజలు తెచ్చి నాలుగిళ్లకు మూడేసి పంచాడు. కొండల్‌కు వచ్చిన మూడింటిలో ఒకదాన్ని ఎలుక తిన్నది. ఒకటి మొలకెత్తగానే మేకపిల్ల కొరికింది. మిగిలిన ఒక్కటీ దొడ్డి ఎరువు తిని తిని ఆకాశం దారి పట్టింది.

ఎనిమిదయ్యేసరికి జనం వచ్చారు. పాలకు పోయేవాళ్లు, బడికి పోయేవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు.

"కొండలన్నా, జర ముసుగు తియ్యే. పెండ్లికూతురి మొకం సూద్దం."

"ఆగుండ్రి, ఆగుండ్రి. మంచు కారుతున్నది, జలుబు చేస్తది దానికి" అంటూనే కొండల్ దొడ్డి దూలానికి ఆనించిన నిచ్చెన ఎక్కాడు. మోకాలు వణికింది. అయినా ముడి విప్పాడు. పసుపుపచ్చ ఒక్కసారి బయటపడింది. కింద నుంచి 'అబ్బబ్బబ్బ' అన్నారు.

"పువ్వానే అది? అన్నం తినే పళ్లెమా?"

"నాకు పది గింజలియ్యాలె అన్నా."

"నాకూ!"

"ఇస్త, అందరికీ ఇస్త. ఇంటికి పదేసి" అన్నాడు కొండల్ పై నుంచే. అలా మాట ఇచ్చిన ఇళ్లు అప్పటికి నలభై దాటాయి. ఇచ్చేవాడిగా జనం ముందు నిలబడడంలో ఇంత సంబరం ఉంటుందని ఆయనకు ఇంతకుముందు తెలియదు.

రెండు తేనెటీగలు వచ్చి పువ్వు మీద వాలబోయాయి. కొండల్ నడుములో దోపుకున్న వేపరెమ్మ తీసి ఉసిఉసి అంటూ తోలాడు. గొర్రె ఒంటి మీద ఈగ వాలిందంటే అక్కడ పుండైనా ఉంటుంది, పురుగైనా పడుతుంది. మందలో పుట్టి పెరిగిన ఎవరికైనా చెయ్యి దానంతటదే లేస్తుంది. పువ్వు విచ్చిన దగ్గర నుంచి అయిదు రోజులుగా ఆయన చేస్తున్న కాపలా అదే. పొద్దున వేపరెమ్మ, ఆ తర్వాత ముసుగు.

కలుపు తీయడానికి పోతున్న ఆడవాళ్లు బాట మీద ఆగారు. వాళ్లలో అన్నమ్మ ఒక్కతే కంప దడి దగ్గరిదాకా వచ్చింది. చర్చి గల్లీలో ఉంటుంది. దడి బయటే నిలబడి అడిగింది.

"అన్నా, పువ్వుకు గా ముసుగెందుకే?"

"చిలకలు తింటయ్. ఈ ఈగలు దాని బలం పీలుస్తయ్."

అన్నమ్మ నవ్వబోయి ఆగింది. "ఎన్నొద్దులాయె కట్టవట్టి?"

"విచ్చిన్నాటి సంది. అయిదొద్దులు."

"అయ్యో! గింజలు కట్టయే. అన్నీ తాలే అయితయ్!"

రుక్కమ్మ చేతిలో చెంబు పట్టుకునే ముందుకొచ్చింది. "పొద్దుగాల పొద్దుగాల అవేం మాటలు పిల్లా? కలుపుకు పొయ్యేదానివి పో."

"నామీద కోపమెందుకు వదినా? అనంతగిరి దిక్కు సీడు చేలల్ల నాలుగు సీజన్లు పువ్వులు రుద్దే పనే చేసిన" అని అన్నమ్మ తల పైకెత్తింది. "అన్నా, అంచు కాడ జర దగ్గరికెల్లి సూడు. సన్నటి మీసాలుంటయ్. లేసి నిలవడ్డయా, వాడినయా?"

కొండల్ పువ్వు మీదికి మొహం వంచాడు. ఇన్ని రోజులూ పువ్వును చూశాడు గాని పువ్వులోకి చూడలేదు. అందులో వందల చిన్న పువ్వులున్నాయి. ఒక్కొక్కదాని నోట్లో నుంచి రెండు కొనల మీసం మెలి తిరిగి నిలబడి ఉంది.

"నిలవడ్డయ్. బిర్రుగ ఉన్నయ్."

"గదే నేను జెప్పేది. పువ్వుల పసుపు పొడి తగిలిన మీసం తెల్లారేసరికి ముడుసుకుంటది. నీయి ఇంకా పెండ్లికొడుకు తొవ్వ సూస్తున్నయ్."

అందరూ గొల్లుమన్నారు. కొండల్ నవ్వలేదు. "అయితే ఇగ ఖతమేనా?"

"కాలే. రెండు మూడొద్దులు ఆగుతయ్. గని దీని పొడి దీనికి సరిగ పట్టది. ఇంకో చెట్టుది కావాలె."

"ఇంకో చెట్టేడికెల్లి తేవాలె? సుట్టూ వరే గదా!"

బడికి పోతూ ఆగిన హీరాలాల్ సార్ సైకిల్ స్టాండు వేశాడు. "అన్నమ్మ ఇంటి కాడ లేదా కొండలన్నా? నేనిచ్చిన గింజదే. మిగిలిన రెండిండ్లల్ల మొలవనే లేదు. నీకు తెల్వదా?"

కొండల్‌కు తెలియదు. చర్చి గల్లీ పిలిస్తే పలికేంత దూరం. అటు మంద పోదు, ఆయనా పోడు.

"నాది మొన్ననే విచ్చింది. అది గూడ నీ పువ్వు పొడి కోసమే సూస్తున్నది" అంది అన్నమ్మ. "నువ్వేమో తాళమేసి కూసున్నవ్. రేపు మంచు తేలినంక నాదాని పొడి గుడ్డకు పట్టించి తెస్త. నీదాని పొడి నాకియ్యి."

ఆ పగలంతా కొండల్‌కు కాలు నిలవలేదు. ముసుగు కట్టలేదు. వేపరెమ్మ దొడ్డిలోకి విసిరేశాడు. తేనెటీగ కనిపిస్తే "రా తల్లీ, రా, కూసో" అని పక్కకు జరిగాడు. చిలకలు వస్తే మాత్రం సత్తు పళ్లెం మోగించాడు. సాయంత్రానికి రుక్కమ్మకు తల నొప్పి వచ్చింది.

"చిలకల సంగతేమో గని నేనే ఊరిడిసి పోయేటట్టున్న" అంది.

మరునాడు మంచు ఇంకా చిక్కగా దిగింది. తొమ్మిదైతే గాని తేల్లేదు. తేలినా దడి మీద కంప నుంచి చినుకులు రాలుతూనే ఉన్నాయి. కొండల్ అప్పటికే నిచ్చెన ఎక్కి, పువ్వు మీది తడిని మెత్తగా అద్దుతున్నాడు. బాట మీద అన్నమ్మ వస్తుండడం పై నుంచే కనిపించింది. రెండు చేతుల మధ్య ఒక పలుచని తెల్లగుడ్డను పిచ్చుక పిల్లను తెచ్చినట్టు పట్టుకొస్తోంది. గుడ్డ మధ్యలో పసుపు పొడి మందంగా పట్టి ఉంది.

దడి దారికి పెట్టిన తడక దగ్గర రుక్కమ్మ ఎదురైంది.

"ఆడనే ఆగు పిల్లా. లోపట బీరప్ప దేవుని గద్దె ఉన్నది. గుడ్డ దడి మీద పెట్టి పో. ఆయన రుద్దుకుంటడు."

"దడి తడున్నది వదినా."

"పెట్టుమంటే పెట్టు."

అన్నమ్మ నిచ్చెన వైపు చూసింది. కొండల్ ఆ చూపును అందుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఏళ్ల తరబడి ఆ దడి దగ్గర ఇలాంటి మాటలు విన్నాడు. అవి గాలి శబ్దంలా చెవులకు అలవాటైపోయాయి. ఇవాళ మాత్రం ఏదో తగిలింది. ఏం తగిలిందో తేల్చుకునేలోపే అన్నమ్మ ఉన్నంతలో ఆరిన కొమ్మను వెతికి, గుడ్డను దాని మీద పరిచి, చేతులు దులుపుకుని వెళ్లిపోయింది. తన పువ్వుకు పొడి కావాలని అడగను కూడా అడగలేదు.

కొండల్ నిచ్చెన దిగడానికి ఒక బీడీ కాలేంత సేపు పట్టింది. కుంటుకుంటూ దడి దగ్గరికి పోయి గుడ్డ ఎత్తాడు. కింద నుంచి కంప తడి ఎక్కింది. మీద చినుకులు రాలాయి. పొడి లేదు. గడప పసుపులా ముద్ద అయిపోయింది. అయినా పైకెక్కి రుద్దాడు. పువ్వుకు మరకలు పడ్డాయి.

అన్నాళ్లు తోలించుకున్న తేనెటీగలు ఒకటీ అరా తప్ప మళ్లీ ఇటు రాలేదు. మూడో రోజు పొద్దున మీసాలన్నీ నిలబడే ఉన్నాయి. అంచువి కొన్ని ఎండి నల్లబడడం మొదలుపెట్టాయి. ముడుచుకోవడం కాదు, చావడం. చచ్చిపోతున్న గొర్రెపిల్ల కన్ను ఎలా ఉంటుందో తెలిసిన మనిషికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

రుక్కమ్మ చాయ్ తెచ్చింది. కొండల్ అందుకోలేదు.

"ఏందయ్యా ఆ మొకం?"

"నిన్న దడి మీద పెట్టుమన్నవ్."

"ఎప్పటి సంది ఉన్నదే గదా. నేను కొత్తగ తెచ్చిన్నా?"

"నువ్వన్నవ్. నేను నిచ్చెన మీద నోరు మూసుకున్న. ఇద్దరం కలిసే సంపుతున్నం దీన్ని."

తొమ్మిదింటికి మంచు విడగానే ఆరిన గుడ్డతో తన పువ్వు పొడిని మెల్లగా తుడిచి తీసి, ఆ గుడ్డను మడిచి, అంగీ లోపల ఛాతీకి ఆనించి పెట్టుకున్నాడు. కొమ్మలు వంచే దోటి కర్రను చేతికర్రగా పట్టుకున్నాడు. పోతూ పోతూ తడకను గుంజి పక్కకు పడేశాడు.

చర్చి గల్లీ మలుపు తిరగగానే కొండల్ ఆగిపోయాడు.

అన్నమ్మ ఇంటి రేకుల మీద పసుపుపచ్చగా ఇంకో పొద్దు పొడిచినట్టు ఉంది. కింద నుంచే తేనెటీగల మోత వినిపిస్తోంది. దగ్గరికి పోయి దోటి పైకి చాచాడు. ఇంటి దగ్గర దోటి కొన పువ్వు గదుమకు తగిలేది. ఇక్కడ ఇంకా జానెడు కావాలి. ఊళ్లో పెద్ద పువ్వు తనదే అని ఇన్నాళ్లూ ఎంతమందితో అనిపించుకున్నాడు! మళ్లీ పైకి చూశాడు. చూస్తూ చూస్తూ ఆ సంగతే మరిచి నవ్వేశాడు.

"ఓరి నీ! ఇదేం చెట్టే అన్నమ్మా! తాటిచెట్టా?"

అన్నమ్మ సద్ది కట్టుకుంటోంది. ఆమె భర్త సాంసన్ గుమ్మంలో కూర్చుని పారకు కామ వేస్తున్నాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"నాదానికన్న పెద్దది" అన్నాడు కొండల్.

"పెద్దదైతే ఏంది?" అంది అన్నమ్మ. "సారొక్కడే వచ్చి సూసిండు. ఇంకొకరు ఈ గల్లీల అడుగు పెట్టలే."

కొండల్ దోటి కొనతో నేల మీద గీశాడు. "నిన్న గుడ్డ తడిసింది."

"తడుస్తదని చెప్పిన."

"నువ్వు చెప్పినవ్. చెప్పాల్సినోణ్ని నేను చెప్పలే." అంగీలో నుంచి మడత తీసి ఇచ్చాడు. "ఇది నీదానికి. పొడిగ తెచ్చిన, సూడు."

అన్నమ్మ మడత విప్పింది. వేలి కొనకు అంటుకున్న పసుపును ఎండకు తిప్పి చూసింది. ముక్కుకు దగ్గరగా పట్టుకుంది. రెండు రోజుల బిగువు మొహంలో నుంచి దిగిపోయింది. గబగబా రేకులకు ఆనించిన నిచ్చెన ఎక్కి, గుడ్డను అరచేతికి చుట్టుకుని తన పువ్వు మీద గుండ్రంగా తిప్పింది.

"గిట్ల అన్నా. సంటిపిల్ల నెత్తి తుడిసినట్టు. అదిమితే మీసాలు ఇరుగుతయ్."

"నా చేతులకది రాదు. గొర్లను పట్టి పట్టి మొద్దువారినయ్. మోకాలొకటి వణుకుతది. నువ్వే రావాలె."

"ఏడికి? దడి కాడికా?"

"లోపటికి. తడక తీసేసి వచ్చిన."

సాంసన్ నెమ్మదిగా అడిగాడు. "వదిన ఊకుంటదా అన్నా?"

"ఊకోదు" అన్నాడు కొండల్. "అయినా రాండ్రి. పువ్వుకు ఈ పూటే ఉన్నది."

అన్నమ్మ మొగుడి వైపు చూసింది. సాంసన్ పార కింద పెట్టి, "కలుపు మధ్యాహ్నం తీస్తవని మేస్త్రికి నేను చెప్పొస్త. నువ్వు పో" అన్నాడు. ఆమె తన పువ్వు పొడిని కొత్త గుడ్డకు పట్టించుకుని బయలుదేరింది. కొండల్ ముందు, ఆమె వెనక. కొండల్ ఆగి ఆమె పక్కకు వచ్చేదాకా చూసి మళ్లీ నడిచాడు. గడపల్లో వాళ్లు చూశారు.

తడక లేని దారిలో రుక్కమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కొండల్ ఆమెను దాటుకుని నిచ్చెనను గద్దె పక్క నుంచి సరిచేశాడు. అన్నమ్మ చెప్పులు బయటే విడిచి, గుడ్డ పొరలు కదలకుండా పట్టుకుని లోపలికి వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. మొదటి మెట్టు ఎక్కింది, రెండో మెట్టు ఎక్కింది. నిచ్చెన కిర్రుమని పక్కకు ఊగింది.

"రుక్కీ, పట్టుకోవే! నా కాలు ఆగుతలేదు!"

రుక్కమ్మ గద్దె వైపు చూసింది. బాట మీద గుమిగూడుతున్న వాళ్లను చూసింది. నిచ్చెన ఇంకోసారి ఊగింది. ఆమె రెండు చేతులూ పోయి నిచ్చెన కాళ్లను గట్టిగా పట్టుకున్నాయి.

"మెల్లగ పిల్లా! ఆ మూడో మెట్టు పుచ్చింది, ఇంకోదాని మీద అడుగెయ్!"

పైన అన్నమ్మ అరచెయ్యి పువ్వు మీద తిరిగింది. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి, మళ్లీ అంచుకు. సన్నటి పసుపు ధూళి లేచి, ఎండలో మెరుస్తూ రుక్కమ్మ నెత్తి మీద, భుజాల మీద రాలింది. ఆమె తుడుచుకోలేదు. చేతులు ఖాళీగా లేవు.

నాలుగో రోజు తెల్లవారేసరికి మంచు లేదు. కొండల్‌కు రాత్రి నిద్రా లేదు. వెలుగు రాగానే, మోకాలు ఉందన్న మాటే మర్చిపోయి నిచ్చెన ఎక్కాడు.

అంచు నుంచి నాలుగు వేళ్ల మందం దాకా వరసకు వరస మీసాలు ముడుచుకుని, గోధుమరంగు తిరిగి, చిన్న పువ్వుల నోళ్లలోకి వెనక్కి పోయాయి. నల్లబడి చచ్చినవి అంచున ఓ గుప్పెడు మాత్రమే.

"ముడుసుకున్నయ్! రుక్కీ! ముడుసుకున్నయే!"

ఆ కేక కాలువ గట్టు దాకా పోయింది. రుక్కమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉరికొచ్చింది. "ఏదీ? జరుగు, నన్ను సూడనియ్యి!" అని ఈ వయసులో తానూ నిచ్చెన ఎక్కింది. వీధివాళ్లు వచ్చారు. హీరాలాల్ సార్ టేపు తెచ్చాడు. దోటికి టేపు కట్టి కొలిచి "పన్నెండున్నర అడుగులు!" అని అరిచాడు. ఈలలు పడ్డాయి.

"ఊర్ల ఇంత పువ్వు పుట్టలే. నీదే నంబర్ వన్ కొండలన్నా!"

కొండల్ ఆ మాటను ఒక్క క్షణం నోట్లో పెట్టుకున్నట్టు ఊరుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"కాదు. ఇంకా పెద్దది ఉన్నది. పాండ్రి, సూపిస్త."

"ఏడ?"

"చర్చి గల్లీల. అన్నమ్మ పువ్వు. దాని పొడి వడితేనే నాది బతికింది. సార్, టేపు పట్టుకరా."

కొందరు గల్లీ మొగలో ఆగిపోయారు. ఆగినవాళ్లు మెడలు సాచి చూశారు. చూసి, ఉండబట్టలేక ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. సాంసన్ దోటి పైకి పట్టుకున్నాడు. సార్ లెక్క చూశాడు. "పదమూడు మీద నాలుగంగుళాలు!" అన్నాడు. ఈసారి ఈలలు ఇంకా గట్టిగా పడ్డాయి. ఆ గల్లీ పిల్లలు ఎగిరారు. అన్నమ్మ గుంజకు ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అక్కా, నాకు పది గింజలు!"

"నాకూ పెట్టే అన్నమ్మా!"

"నా పువ్వు గింజలకు గూడ ఆమెనే అడుగుండ్రి" అన్నాడు కొండల్. "సగం ఆమెయే. ఎవరికియ్యాల్నో ఆమెనే చెప్తది."

ఎండ ఎక్కింది. బడి గంట కొట్టారు. జనం పలచబడ్డారు. కొండల్ మోకాలికి అప్పుడు తన నొప్పి గుర్తొచ్చింది. దోటి గోడకు ఆనించి అరుగు మీద కూలబడ్డాడు. జనం వెంట వచ్చిన రుక్కమ్మ చెట్టు కింద నిలబడి కాండాన్ని మునివేళ్లతో తాకి చూస్తోంది.

సాంసన్ పనికి పోయే వేళయింది. అన్నమ్మ పళ్లెంలో అన్నం పెట్టి, చింతచిగురు పప్పు పోసి ఇచ్చింది. గంటె చేతిలో పట్టుకుని కొండల్ వైపు చూసింది. కొండల్ వీధి మనుషులను తినుమని అనే అవసరం ఆమెకు ఎన్నడూ పడలేదు.

కొండల్ లేచి, గోలెం దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. వచ్చి సాంసన్ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మోకాలు కలుక్కుమంటే పళ్లు బిగబట్టాడు. అన్నమ్మ ఇంకో పళ్లెం పెట్టింది. వడ్డించేటప్పుడు గంటె పళ్లెం అంచుకు తగిలి మోగింది.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

రుక్కమ్మ కాండం మీది చెయ్యి తీసింది. తర్వాత ఆమే వచ్చి, మొగుడి పక్కన కాకుండా, పొయ్యి వైపుగా, అన్నమ్మ కూర్చునే చోటు పక్కన చతికిలబడింది. అన్నమ్మ మూడో పళ్లెం, తనకు నాలుగోది పెట్టింది. పప్పు కలిపిన చప్పుడు, నీళ్ల చెంబు నేల మీద పెట్టిన చప్పుడు తప్ప ఇంకోటి వినపడలేదు.

రుక్కమ్మ పళ్లెంలో అన్నం అయిపోవచ్చింది. అన్నమ్మ అడక్కుండానే ఇంకో గంటెడు తీసి వంచింది. రుక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు.